సర్వే ట్యాబ్‌లకి తాళాలేశారు సరే, తలుపు తీసేదెవరు?

ఎండలో_సర్వే:
మార్కెట్ రీసెర్చ్‌లో ఉన్నవాణ్ని. ఫీల్డ్‌లో ఇల్లిల్లూ తిరగడంతో మొదలుపెట్టి ఇప్పుడు ఆఫీసులో కూర్చుని వేరేవాళ్లు తిరిగింది నిజమో కాదో చూసే పనికి వచ్చాను. మొన్న ఒక మీటింగ్‌లో క్లయింట్ తరఫు పెద్దాయన "ఇప్పుడంతా ట్యాబ్‌లే కదండీ, ఇక డేటాలో తప్పులుండే ఛాన్సే లేదు" అని తేల్చేశాడు. అక్కడ నోరు మెదపలేదు, మెదిపితే ప్రాజెక్టు పోతుంది. అందుకని ఇక్కడ వెళ్లగక్కుతున్నా.

కాగితం ఫారాల రోజుల్లో కుర్రాడు లాడ్జి రూమ్‌లో ఫ్యాన్ కింద కూర్చుని ఓ పది ఇళ్లు నింపేసేవాడు. ఇంటర్వ్యూకి ఇంత అని డబ్బు, మరి ఎండలో ఎవడు తిరుగుతాడు. మేం చేతిరాత చూసి, ఇంకు చూసి, అన్ని ఇళ్లలోనూ ఒకే టూత్‌పేస్ట్ ఎందుకుందా అని అనుమానపడి పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ట్యాబ్‌లో జీపీఎస్ ఉంది, ఏ ప్రశ్న దగ్గర ఎన్ని సెకన్లు ఆగాడో ఉంటుంది, మధ్యమధ్యలో దానంతటదే ఆడియో రికార్డ్ చేసుకుంటుంది. బాగుంది. కానీ చూడండి, తాళాలన్నీ సర్వే చేసేవాడికే. జవాబు చెప్పే మనిషి నిజం చెప్పడానికి మేం కొత్తగా చేసిందేమీ లేదు, ప్రశ్నలు మాత్రం పెంచాం.

పైగా ఈ తాళాలు ఒక్కోసారి నిజాయితీగా పనిచేసేవాణ్నే పట్టుకుంటాయి. గుంటూరు వైపు ఒక కుర్రాడు మొదట్లో స్త్రీ/పురుషుడు దగ్గర వేలు జారి తప్పు నొక్కాడు. వెనక్కి వెళ్లి దిద్దుకునే బటన్ మేమే తీసేశాం, జవాబులు మారుస్తారని. ఎదురుగా ఉన్నది రిటైరైన హెడ్మాస్టారు. కాసేపటికి ట్యాబ్ "మీరు ఎక్కువగా వాడే లిప్‌స్టిక్ ఏది" అని అడగమంది. వీడు మొహమాటంగా అడిగాడు, అడక్కపోతే ముందుకు కదలదు కదా. ఆడియోలో ఒక నిమిషం నిశ్శబ్దం, ఆ తర్వాత మాస్టారు "బాబూ, నువ్వు ఎంతవరకు చదువుకున్నావు" అని మొదలుపెట్టారు. క్వాలిటీ చెక్‌లో ఆ ఇంటర్వ్యూ కొట్టేశారు, కుర్రాడి డబ్బులు పోయాయి.

బందరు_లడ్డు:
హెడ్మాస్టారు లిప్‌స్టిక్ 😂😂 ఆ ఆడియో ఎక్కడ దొరుకుతుంది అన్నా

ఎండలో_సర్వే:
దొరకదు తమ్ముడూ, అది ఆయన గొంతు. ఇలాంటివి బయటికి రాకూడదు.

కోడ్_కూలీ:
వెనక్కి బటన్ తీసేయడమేంటి, మార్పులన్నీ లాగ్‌లో పెడితే సరిపోయేది కదా. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో కనిపిస్తుంది, దిద్దుకునే వీలూ ఉంటుంది. ఇది టెక్నాలజీ తప్పు కాదు, దాన్ని ఆర్డర్ ఇచ్చినవాళ్ల తప్పు.

ఎండలో_సర్వే:
ఒప్పుకుంటా. అయితే ఆ లాగ్ చదివేదెవరు? వేల ఇంటర్వ్యూలు, చెక్ చేసేది ఇద్దరు ముగ్గురు. అందుకని చదవక్కర్లేకుండా ఉండేట్టు బటనే పీకేస్తారు.

జీపీఎస్ సంగతి కూడా చెప్తా విను. విజయవాడలో కొండల మీద ఇళ్లున్న పేటలు తెలుసు కదా, సందుల్లో సిగ్నల్ సరిగ్గా అందదు. ఒక అమ్మాయి చేసిన ఇంటర్వ్యూలు మ్యాప్‌లో కృష్ణానది మధ్యలో పడ్డాయి. హైదరాబాద్ ఆఫీసు నుంచి "ఫేక్" అని మెయిల్. ఆ అమ్మాయి మెట్లెక్కి ఎక్కి మోకాళ్లు పట్టేసి ఉంది పాపం. మే నెలలో అయితే ట్యాబే వేడెక్కి ఆగిపోతుంది, చల్లబడేదాకా వాడొద్దని దానికి హెచ్చరిక వస్తుంది. మనిషికి రాదు.

ఓరుగల్లు_పోరి:
మీరు చెప్పే ఆ మోకాళ్ల బాధ నాకు తెలుసు, డిగ్రీ చదివేటప్పుడు సెలవుల్లో చేసిన ఈ పని. కుక్కలు, వాచ్‌మెన్, "మా ఆయన లేడు, తర్వాత రా". కానీ నాకొకటి అర్థం కాదు. జనం చెప్పరు అంటున్నారు కదా, మరి 2014 ఆగస్టు 19న ఏమైంది? తెలంగాణ మొత్తం సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజే. బస్సులు బంద్, దుకాణాలు బంద్, బొంబాయి నుంచి కూడా ఊళ్లకు వచ్చిండ్రు జనం. మా వాడకట్టులో అయితే పొద్దున్నే కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నరు, సార్ ఎప్పుడొస్తడా అని. లెక్కలో పేరు లేకుంటే రేపు ఏదీ రాదన్న భయం అది. అంటే పని ఉంటే చెప్తరు. మీ బిస్కెట్ సర్వేతో వాళ్లకేం పని?

అదే 2024 నవంబర్ల కుటుంబ సర్వేకు వచ్చేసరికి దాదాపు 75 ప్రశ్నలు, ఆస్తులు అప్పులు అన్నీ. హైదరాబాద్‌లో చాలామంది చెప్పనే లేదు, మిగిలిపోయినవాళ్ల కోసం 2025 ఫిబ్రవరిలో మళ్లీ తలుపులు తెరవాల్సి వచ్చింది. పదేళ్లలో జనం హుషారైండ్రు.

బందరు_లడ్డు:
మా వైపు ఇంకో రకం. ఎవరు ఏది అడిగినా ముందు రేషన్ కార్డు గుర్తొస్తుంది. నాలుగు చక్రాల బండి ఉందా, కరెంటు 300 యూనిట్లు దాటిందా, పొలమెంత అని ఆరు రకాల లెక్కలు కట్టి పథకాలకి అర్హులా కాదా తేల్చారుగా. అప్పట్నుంచీ మా నాన్న ఫ్రిజ్ కూడా లేదంటాడు. ఫ్రిజ్‌లో నీళ్లు తీసిచ్చి మరీ లేదంటాడు. వాలంటీర్లు ఉన్న రోజుల్లో సర్వే అంటూ ఎవరొచ్చినా "మా 50 ఇళ్లకీ వేరే అబ్బాయి ఉన్నాడు, నువ్వెవరు" అనేవాళ్లు.

ఎండలో_సర్వే:
లడ్డూ, నువ్వు నవ్వుతూ చెప్పావుగానీ మా పునాది కదిలేది అక్కడే. ఇంటి స్థాయి ఏంటో మేం తేల్చేది ఆదాయం అడిగి కాదు, ఆదాయం ఎవరూ చెప్పరు. 2011లో పరిశ్రమ వాళ్లంతా కూర్చుని ఎన్‌సీసీఎస్ అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి చదువు ఒకటి, 11 వస్తువుల్లో ఎన్ని ఉన్నాయన్నది రెండోది. కరెంటు, ఫ్యాన్, గ్యాస్, టూవీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, సొంత సాగు భూమి. ఇప్పుడు మీ నాన్నగారు ఫ్రిజ్, కారు దాస్తే మీ ఇల్లు రెండు మెట్లు కిందికి దిగుతుంది. అలాంటి ఇళ్లు వందకి ఓ పదున్నాయనుకో, "పేద ఇళ్లలో ఖరీదైన కాఫీ పొడి వాడకం పెరిగింది" అని మేం రిపోర్టులో రాస్తాం, దాన్ని చూసి ఎవరో చిన్న ప్యాకెట్ల ఫ్యాక్టరీ పెడతారు. ఈ మధ్య వస్తువులు వదిలేసి సంపాదించే మనిషి వృత్తి, ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివిన మగమనిషి, ఆడమనిషి చదువు మీద లెక్కగట్టే కొత్త పద్ధతికి మారుతున్నారు. అది నయం. చదువు ఎవరూ తగ్గించి చెప్పరు, పెంచితే పెంచుతారు.

షోరూం_జీవి:
చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. నేను ఒక బైకుల సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తా. మీ బండి ఇచ్చాక కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి ఎన్ని ఇస్తారు అని. మీరు మంచి మనసుతో 8 అంటారు. 8 అంటే మా ఇళ్లలో ఫస్ట్ క్లాస్. అక్కడ మాత్రం దానికి విలువే లేదు. 6 అన్నారా నేను అయిపోయినట్టే, ఇన్సెంటివ్ కట్. అందుకే బండి తాళం ఇచ్చేటప్పుడు "సార్ ఫోనొస్తుంది, పది చెప్పండి సార్, తొమ్మిదైనా పర్లేదుగానీ పది చెప్పండి" అని బతిమాలతాం. మా దగ్గర ఒకడైతే అనుమానం ఉన్న కస్టమర్ల నంబర్లో ఒక అంకె మార్చి ఎక్కిస్తాడు. ఫోన్ ఇంకెవరికో వెళ్తుంది, రాంగ్ నంబర్ అంటారు, గొడవ లేదు.

ఎండలో_సర్వే:
ఇదిగో, ఈ అంకె మార్చడం నాకు ఇప్పటిదాకా తెలీదు. రాంగ్ నంబర్లు కొన్ని బ్రాంచీల్లోనే ఎందుకు ఎక్కువుంటాయా అని ఎన్ని రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నానో.

మిగతావాళ్ల కోసం: ఇది 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క. 9, 10 ఇచ్చినవాళ్లు మనవాళ్లు, 0 నుంచి 6 దాకా మన మీద కోపమున్నవాళ్లు, 7, 8 ఎటూ కాదు. మొదటివాళ్ల శాతంలోంచి రెండోవాళ్ల శాతం తీసేస్తే వచ్చేది స్కోరు. కస్టమర్ ఎక్కడ నొచ్చుకుంటున్నాడో తెలుసుకోవడానికి పెట్టుకున్న లెక్క, మెకానిక్ జీతానికి ముడిపెట్టగానే బతిమాలుకునే తంతు అయింది. ఇప్పుడు క్యాబ్, సెలూన్, ఆస్పత్రి, అందరికీ ఇదే. నాకు తెలిసి దేశంలో ఇంత సంతోషంగా ఉన్న కస్టమర్లు ఏ కాలంలోనూ లేరు, స్కోర్లు చూస్తే.

లెక్కల_మాస్టారు:
చర్చ బాగుంది. నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, లిప్‌స్టిక్ మాస్టారిని మాత్రం కాదు.

టెక్నాలజీ ఎక్కువైతే నిజం ఎక్కువ దొరుకుతుందన్న భ్రమ పాతదే. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎన్నికల ముందు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. అడ్రసులు తీసింది టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి, అప్పటికి అవే కొత్త టెక్నాలజీ, ఉన్నవాళ్ల దగ్గరే ఉండేవి. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని వేసేశారు. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో గాలప్ అనే సర్వేలాయన ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పాడు. పత్రిక 1938లో మూతపడింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు, అయితే గరిటె పెట్టి కలిపాక పట్టిన మెతుకు అయ్యుండాలి. పైపైన తీస్తే బస్తా తిన్నా తెలియదు.

వెయ్యి మందిని సరిగ్గా ఎంచుకుంటే తేడా అటూ ఇటూ 3 శాతం. దాన్ని సగం చేయాలంటే నాలుగు వేలమంది కావాలి. శాంపిల్ పెంచితే తగ్గేది ఈ తేడా ఒక్కటే. ఎవరిని అడగలేదో వాళ్ల వల్ల వచ్చే తప్పు తగ్గదు. స్టాటిస్టిక్స్‌లో అంత పేరున్న సి.ఆర్.రావు గారు మా ఆంధ్ర యూనివర్సిటీలో చదువుకున్నవారే, ఈ మాత్రం తెలియకపోతే ఎట్లా.

ఎండలో_సర్వే:
మాస్టారూ, మా ఆఫీసు గోడకి అతికించాల్సిన మాట. హైదరాబాద్‌లో అదే బొమ్మ తిరగబడింది చూడండి. 1936లో కార్లున్నవాళ్లే దొరికారు, ఇప్పుడు కార్లున్నవాళ్లే దొరకడం లేదు. గేటెడ్ కమ్యూనిటీ దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు, యాప్‌లో ఫ్లాట్ వాళ్లు ఒప్పుకుంటేనే లోపలికి, "సర్వే" అన్న మాట కనిపిస్తే ఎవరొప్పుకుంటారు. మా కుర్రాళ్లకి పై తరగతి ఇళ్ల కోటా ఇస్తాం, వాళ్లేమో గేటు లేని పాత కాలనీల్లో కారున్న ఇళ్లు వెతికి పూర్తి చేస్తారు. అలా నల్లగండ్ల టవర్ బదులు మల్కాజిగిరి డాబా ఇల్లు మాట్లాడుతుంది.

ఇంకోటి, ఏ వీధికి వెళ్లాలో ఎంచుకునే జాబితా 2011 జనగణన నుంచే. అప్పటికి కోకాపేట, తెల్లాపూర్ పంచాయతీలు. మా లిస్టులో "గ్రామం" అని వస్తే పల్లెటూరి ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్లిన కుర్రాడు నలభై అంతస్తుల కింద నిలబడి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తాడు, "సార్, ఇక్కడ గేదెలున్నాయా అని ఎవర్ని అడగాలి" అని.

డల్లాస్_పిన్ని:
ఇక్కడా అంతే నాయనా. తెలియని నంబరైతే మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇక్కడ సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లే చెప్పారు, 1997లో వాళ్లు ఫోన్ చేస్తే 36 శాతం మంది మాట్లాడేవాళ్లట, 2018 వచ్చేసరికి 6 శాతం. మా వారేమో ఆ ఆరుగురిలో ఒకరు, రిటైరయ్యాక ఎవరు ఫోన్ చేసినా గంట మాట్లాడుతున్నారు. అమెరికా అభిప్రాయం అంటే మా వారి అభిప్రాయమే అనుకోండి ఇక.

ఓరుగల్లు_పోరి:
😂 పిన్ని గారూ, 2004లో వాజ్‌పేయి గారి సర్కారు మళ్లొస్తదని చెప్పినోళ్లు కూడా మీ వారికే ఫోన్ చేసుంటరు. 2024లో ఎన్డీయేకు 350 సీట్లు దాటుతయని చెప్పినోళ్లు కూడా, వచ్చినయి 293.

కోడ్_కూలీ:
మనుషులు దొరకడం లేదు, దొరికినా నిజం చెప్పరు. మరి మనుషుల్ని అడగడం ఎందుకు? ఇప్పుడు ఏఐకి "నువ్వు గుంటూరులో ఉండే 45 ఏళ్ల గృహిణివి" అని చెప్పి ప్రశ్నలేస్తే జవాబులిస్తుంది. కొన్ని కంపెనీలు ఇదే అమ్ముతున్నాయి కూడా. చవక, ఎండ లేదు, కుక్కలు లేవు.

ఎండలో_సర్వే:
అమ్ముతున్నారు, నేను వాడి చూశాను కూడా. నీట్‌గా ఉంటాయి జవాబులు, అదే నా ఇబ్బంది. అసలు గుంటూరు గృహిణి "పచ్చడి బ్రాండ్ ఏది" అంటే "బ్రాండేంటి, మా ఆడపడుచు పంపుతుంది" అంటుంది. మా ప్రశ్నాపత్రంలో ఆడపడుచుకి కోడ్ లేదు. "ఇతరములు" అని కొట్టి, ఆ ఇతరములు నలభై శాతం దాటితే అప్పుడు మాకు తెలుస్తుంది, బజార్లో మా క్లయింట్‌కి పోటీ ఎవరో. ఏఐ ఎప్పుడూ లిస్టులో ఉన్న బ్రాండే చెప్తుంది. తెలిసిందే మళ్లీ చెప్పించుకోవడానికి పనికొస్తుంది, తెలియనిది దానికీ తెలియదు. ఇక ఆన్‌లైన్ సర్వేలైతే అటువైపు నింపేది కూడా బాట్లే, అంటే మనిషిలా నటించే ప్రోగ్రాములు. "ఈ ప్రశ్నకి 4 ఎంచుకోండి" అని మేం ఉచ్చు పెడితే మనుషులు పడుతున్నారు, బాట్లు పడటం లేదు.

లెక్కల_మాస్టారు:
నిజం చెప్పించే ఉపాయం లేదన్నారుగా పైన. ఒకటుంది, 1965లో స్టాన్లీ వార్నర్ ఆలోచన, తర్వాతవాళ్లు సులువు చేశారు. "లంచం ఇచ్చారా" అని అడగాలనుకోండి. మనిషి చేతికి నాణెం ఇచ్చి చాటుగా ఎగరేయమంటాం. బొమ్మ పడితే ఏదేమైనా "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. ఏది పడిందో మనకి చూపించక్కర్లేదు. వెయ్యి మందిలో ఓ 500 మంది ఊరికే అవునన్నవాళ్లు. మొత్తం అవునులు 600 వస్తే మిగతా 500 మందిలో 100 మంది నిజంగా ఇచ్చినవాళ్లు, అంటే 20 శాతం. ఫలానావాడు ఇచ్చాడని ఎవరూ చెప్పలేరు. మనిషికి ధైర్యం, మనకి లెక్క.

బందరు_లడ్డు:
మాస్టారూ సూపర్. మా నాన్నకి నాణెం ఇస్తే జేబులో వేసుకుని ఫ్రిజ్ లేదంటాడు.

ఎండలో_సర్వే:
నాణెం పద్ధతి ఫీల్డ్‌లో నడుస్తుంది మాస్టారూ, కానీ ఓపిగ్గా వివరించాలి. ఇంటర్వ్యూకి ఇంత అని లెక్కగట్టిన మనిషికి ఆ ఓపిక మేం ఇవ్వడం లేదు. ఒక్కటి చెప్తా, ట్యాబ్ తాళాలన్నీ దాటి ఎలా బయటపడతారో. ఇంట్లో ఎవరిని అడగాలన్నది తలుపు తీసినవాళ్ల ఇష్టం కాదు, 1949లో లెస్లీ కిష్ చెప్పిన పట్టిక ఉంది. పెద్దవాళ్లందరి పేర్లు ఎక్కిస్తే ట్యాబే ఒకరిని ఎంచుతుంది. తలుపు తీసింది అమ్మ, తీరికగా ఉంది, మంచినీళ్లు కూడా ఇచ్చింది. ట్యాబ్ ఎంచేది రాత్రి తొమ్మిదింటికి వచ్చే కొడుకుని. మళ్లీ రావాలి, వచ్చినా దొరకడు. ఆటో ఖర్చు ఎవరిస్తారు? కాబట్టి తర్వాతి ఇంటి నుంచి కుర్రాడు కొడుకు పేరే ఎక్కించడు. ఇంట్లో ఉన్నది ఆవిడ ఒక్కతే అని కొడతాడు. జీపీఎస్ కరెక్ట్, ఆడియోలో నిజమైన గొంతు, టైమ్ కరెక్ట్. అన్నీ పచ్చ టిక్కులే. మేం పట్టుకునేదల్లా నెలాఖరున మొత్తం కలిపి చూసినప్పుడు, ఊళ్లో ఒంటరి ఆడవాళ్ల ఇళ్లు ఇన్నెందుకున్నాయా అని. అప్పుడు కుర్రాణ్ని తీసేస్తారు. రేటు మాత్రం పెంచరు. రెండోసారి వెళ్లినందుకు విడిగా డబ్బివ్వండి అని మీటింగ్‌లో అంటే, అదే పెద్దాయన, "ముఖం గుర్తుపట్టే కెమెరా పెట్టొచ్చేమో చూడండి" అన్నాడు.

షోరూం_జీవి:
మా సెంటర్‌లో కూడా అచ్చం అదే. జీతం అడిగితే కొత్త యాప్ వస్తుంది.

డల్లాస్_పిన్ని:
ఒక సందేహం బాబూ. మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. సర్వే అని ఎవరైనా వస్తే మాట్లాడొద్దని చెప్పాను, ఈ డిజిటల్ అరెస్టులు, ఓటీపీ మోసాలు విని భయమేసి. ఇప్పుడు మీ మాటలు చదివితే జాలేస్తోంది. అసలైనవాళ్లని ఎలా గుర్తుపట్టాలి?

ఎండలో_సర్వే:
అడగాల్సింది అడిగారు. మా లాంటి అసలైన మార్కెట్ సర్వేలో ఓటీపీ అడగరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఏటీఎం పిన్ అడగరు, ఏదీ అమ్మరు, ఏ లింకూ నొక్కమనరు. ఐడీ కార్డు చూపించమంటే చూపిస్తారు, ఆఫీసు నంబరిస్తారు. మధ్యలో ఇష్టం లేకపోతే ఆపేయొచ్చు. చివర్లో ఫోన్ నంబరు అడుగుతారు, అది వీడు నిజంగా వచ్చాడా అని మేం మళ్లీ కనుక్కోవడానికి, ఇవ్వకపోయినా తప్పేం లేదు. అమ్మగారిని లోపలికి రానివ్వొద్దనండి, వరండాలో కూర్చోబెట్టి మాట్లాడితే చాలు. పక్కింటివాళ్లు కూడా ఉంటే ఇంకా మంచిది, కాకపోతే జవాబులు వాళ్లు చెప్పేస్తారు, అది మా బాధ.

డల్లాస్_పిన్ని:
ఇందాక అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పోయిన వారమే ఒకమ్మాయి వచ్చిందట! నేను వద్దన్నానని సర్వేకి మాత్రం జవాబులు చెప్పలేదట. ఆ పిల్లది ఏ ఊరు, ఏం చదివింది, జీతమెంత, సంబంధాలు చూస్తున్నారా, అన్నీ ఈవిడే కనుక్కుని, కాఫీ ఇచ్చి పంపిందట.

ఎండలో_సర్వే:
పిన్నిగారూ, ఆ అమ్మాయి ట్యాబ్‌లో అది "తిరస్కరించారు" అని పడి ఉంటుంది, దానికి పైసా రాదు. అడ్రస్ లిస్టులో ఉంటే ఈ వారంలో మళ్లీ వస్తుంది. ఈసారి ముందు సర్వే, తర్వాత సంబంధాలు అని చెప్పండి అమ్మగారికి.